లైకే, స్కానే, ఎఁతెర్‌వ్యూవే: ఫ్రెంచిలోకి వచ్చిన పరాయి క్రియలను ఎక్కడ విరవాలి, ఎలా పలకాలి?

పలకాబలపం · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. వచ్చే నెల బి1 (మధ్యస్థాయి) పరీక్ష ఉంది. నిన్న తరగతిలో పది క్రియలు ఇచ్చి, ఒక్కోదాన్ని సిలబుళ్ళుగా విడగొట్టి రాయమన్నారు, ఆ తర్వాత బయటికి చదవమన్నారు. మాట్లాడటానికి ‘పార్లే’, చూడటానికి ‘రెగార్దే’ లాంటి సొంత మాటలతో ఇబ్బంది రాలేదు. మిగిలిన ఐదూ ఇంగ్లీషు నుంచి వచ్చినవి: లైక్ పెట్టడం, స్కాన్ చేయడం, ఊపునివ్వడం, ఫ్యాక్స్ పంపడం, ఇంటర్వ్యూ చేయడం. అన్నిటి చివరా ఇ, ఆర్ లెటర్లున్నాయి. నేను లైకర్, స్కానర్, బూస్టర్, ఫాక్సర్, ఇంటర్వ్యూవర్ అని వరసగా చదివేశాను. ‘వాళ్ళు లైక్ పెడతారు’ అనే వాక్యంలో క్రియను ‘లైకెంట్’ అన్నాను. ఐదూ తప్పే.

నాకు అర్థం కానివి మూడు. స్కానర్ మాటలో రెండు ‘ఎన్’ లెటర్ల మధ్య గీత పెట్టాలని పుస్తకంలో ఉంది, కానీ చదివేటప్పుడు ఒక్క ‘న’ మాత్రమే పలకమన్నారు. అదే మాటను పుస్తకంలో ఒక వాక్యంలో ‘స్కానెర్’ అనీ, కింది వాక్యంలో ‘స్కానే’ అనీ చదివి వినిపించారు, స్పెల్లింగు మాత్రం ఒక్కటే. ఇంటర్వ్యూలో ‘డబుల్యూ’ని ఎలా పలకాలో ఇప్పటికీ తెలియడం లేదు. తెలిసినవారు నిదానంగా చెప్పగలరా?

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 10:25

పలకాబలపం గారూ, ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. కాగితం మీద మాటను విరిచే పద్ధతి వేరు, నోటితో విరిచే పద్ధతి వేరు. ఫ్రెంచివాళ్ళు బడిలోనే ఈ రెంటికీ వేరు పేర్లు పెట్టి నేర్పుతారు: రాత సిలబుల్, పలుకు సిలబుల్. మీ అభ్యాసంలో ముందు రాత పద్ధతి అడిగారు, తర్వాత పలుకు పద్ధతి అడిగారు. రెంటినీ ఒకటే అనుకోవడంతో చిక్కు వచ్చింది.

ముందు నోటి సంగతి చూద్దాం. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఫ్రెంచి చెబుతున్నాను, ప్రతి సంవత్సరం ఇక్కడి నుంచే మొదలుపెడతాను. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతోనే వెళుతుంది. అందుకే లై·కే, స్కా·నే. క్రియ మూలరూపం చివర ఇ, ఆర్ కలిసి ‘ఏ’ అవుతాయి. ఆ ‘ఆర్’ పలకదు. పరాయి మాట అయినా సరే, క్రియగా ఫ్రెంచిలో అడుగుపెడితే ఈ తోక తగిలించుకోవాల్సిందే.

ఇప్పుడు వర్తమానం చూడండి. నేను, నువ్వు, అతడు, వాళ్ళు: ఈ నాలుగు చోట్లా పలికేది ఒక్కటే, ‘లైక్’. ఒకే సిలబుల్. ‘వాళ్ళు’ రూపం చివర ఇ, ఎన్, టి మూడు లెటర్లు రాస్తారు కానీ ఒక్కటీ వినిపించదు. ‘మేము’ దగ్గర ‘లై·కొఁ’, ‘మీరు’ దగ్గర మళ్ళీ ‘లై·కే’. ఆ ‘కొఁ’లో అరసున్న పెట్టింది కావాలనే. అక్కడ ‘న్’ లేదు, గాలి ముక్కులోంచి పోతుంది, అంతే. మన పాత పుస్తకాల్లోని అరసున్న ఇక్కడ ఎంత బాగా పనికొస్తుందో!

స్కానర్ సంగతి. యంత్రాన్ని అంటే నామవాచకం, ‘స్కా·నెర్’, ఆర్ పలుకుతుంది. పనిని అంటే క్రియ, ‘స్కా·నే’, ఆర్ పలకదు. చూపుకి ఒకే మాట, చెవికి రెండు. ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. మత్తుమందులు అమ్మేవాడు ‘దీ·లర్’, అమ్మడం ‘దీ·లే’. కథలోని మలుపు ముందే చెప్పేస్తే ఆ చెప్పిన సంగతి ‘స్పోయ్·లర్’, చెప్పడం ‘స్పోయ్·లే’. వేగంగా పరుగెత్తేవాడు ‘స్ప్రిన్·తర్’, పరుగెత్తడం ‘స్ప్రిన్·తే’. ఈ ‘లర్’, ‘తర్’లలో అ అని రాశాను గాని అది మన అ కాదు. ఓ అనడానికి పెదవులు గుండ్రంగా పెట్టి, వాటిని కదపకుండా ఎ అనండి. వచ్చే శబ్దం అదే. పువ్వుకు ఫ్రెంచి మాట ‘ఫ్లర్’లో ఉన్నది ఇదే.

తూలూజ్ కిటికీ · సోమవారం, రాత్రి 11:40

గోదారిగట్టు గారు చెప్పింది మా ఆఫీసులో రోజూ కళ్ళముందే ఉంటుంది. మా అంతస్తులో ఒక మూల చిన్న గది. తలుపు మీద ‘స్కానెర్’ అని పలక. లోపల యంత్రం పక్కన ప్లాస్టిక్ తట్ట, దాని మీద ఎవరో పసుపు కాగితం అతికించారు. దాని మీదా అవే ఏడు లెటర్లు, ముందు మాత్రం ఒక చిన్న ‘ఆ’. చదివేది ‘ఆ స్కానే’, అంటే స్కాన్ చేయవలసినవి. చేరిన కొత్తలో నేను ఆ కాగితాన్ని ‘ఆ స్కానెర్’ అని చదివితే పక్క సీటు ఆవిడ ఓపిగ్గా రెండు వేళ్ళు చూపించి చెప్పింది: ముందు ‘ఆ’ ఉంటే అది పని, ‘ల’ ఉంటే అది యంత్రం. పలకాబలపం గారూ, పరీక్షలో మీకు ఇదే దారి చూపిస్తుంది. మాట ముందున్నది చూసి చివర ఎలా పలకాలో నిర్ణయించుకోండి.

ఇక్కడ మరో సంగతి కూడా చెప్పాలి. ‘లైక్’ ఒకే సిలబుల్ అన్నది పారిస్ వైపు మాట. దక్షిణాదిన, అంటే మా తూలూజ్ వైపు, పాత తరం వాళ్ళు చివరి ఇ లెటర్‌ని వదిలిపెట్టరు. ‘నేను లైక్ పెడతాను’ అనడానికి ‘జె లై·కె’ అంటారు, రెండు సిలబుళ్ళు. వాళ్ళ మాట వింటుంటే నాకు మన ఊరు గుర్తొస్తుంది. బస్ అని ఆగలేక ‘బస్సు’, కార్ అని ఆగలేక ‘కారు’ అంటాం కదా. హల్లు మీద మాట ఆపడం మనకీ ఇష్టం ఉండదు, వాళ్ళకీ ఉండదు.

అచ్చుబల్ల · మంగళవారం, ఉదయం 7:15

నేను పుదుచ్చేరిలో పుస్తకాల పేజీలు కట్టే పని చేస్తాను. ఫ్రెంచి పుస్తకాలు కూడా వస్తుంటాయి. వరస చివర మాట విరిగినప్పుడు గీత ఎక్కడ పడాలో చూసుకోవడం మా పని. గోదారిగట్టు గారు నోటి సంగతి చెప్పారు కాబట్టి నేను కాగితం సంగతి చెబుతాను.

జంట హల్లు ఉంటే రెంటి మధ్య గీత. స్కానర్ క్రియను ‘ఎన్’ల మధ్య, ‘ఆగు, ఆపు’ అనే అర్థంలోని స్టాపర్ క్రియను ‘పి’ల మధ్య, ఇష్టపడటానికి వాడే ‘కిఫే’ని ‘ఎఫ్’ల మధ్య విరుస్తాం. పలికేటప్పుడు ఒక్క హల్లే: స్తొ·పే, కి·ఫే. సి, హెచ్ కలిసి ఒకే ధ్వని కాబట్టి వాటిని ఎప్పుడూ విడదీయకూడదు. ఎల్ గాని ఆర్ గాని ముందున్న హల్లుకి అతుక్కుని ఉంటే ఆ రెండూ కలిసే కింది వరసకి వెళతాయి. గూగుల్‌లో వెతకడం అనే క్రియ ‘గూ’ దగ్గర విరిగి ‘గ్లే’ కిందికి దిగుతుంది.

ఇక ఫ్యాక్స్. రెండు అచ్చుల మధ్య ఎక్స్ లెటర్ ఉంటే దానికి ముందూ విరవకూడదు, వెనకా విరవకూడదు అని పాత అచ్చు నియమం. ఎందుకంటే ఆ ఒక్క గుర్తులోనే రెండు ధ్వనులున్నాయి, క్ పై సిలబుల్‌కి పోతుంది, స కింది సిలబుల్‌కి పోతుంది. నోటితో ‘ఫాక్·సే’ అని హాయిగా విరవవచ్చు, కాగితం మీద గీత పెట్టడానికి మాత్రం చోటే లేదు. కాబట్టి ఆ మాటను మొత్తంగా కింది వరసకి దింపుతాం. మీ అభ్యాసంలో ఆ మాటను ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకొకటి. కింది వరసలోకి రెండే లెటర్లు దించడం మంచి పని కాదంటారు. పలకని సిలబుల్‌ని ఒంటరిగా దించడం కూడా బాగుండదు. అందుకని ‘వాళ్ళు లైక్ పెడతారు’ రూపాన్ని మా బల్ల మీద విరవనే విరవం.

ఛందోబంధు · మంగళవారం, ఉదయం 9:50

నాకు ఫ్రెంచి రాదు. మా మనవరాలు ఫ్రాన్సులోని లియోఁ నగరంలో చదువుతోంది, ఆమె చెప్పగా ఈ చర్చ చూశాను. తెలుగు పండితుడిగా నలభై ఏళ్ళు పిల్లలకు గురులఘువులు చెప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది.

మీరు ఎంతో కష్టపడి వివరిస్తున్న తేడా మన ఛందస్సులో మొదటి నుంచీ ఉంది. ‘పద్యం’ అని రాస్తే కాగితం మీద ‘ప’ ఒకటి, ‘ద్యం’ ఒకటి. కానీ గణాలు లెక్కపెట్టేటప్పుడు ‘ప’ని గురువంటాం. ఎందుకు? సంయుక్తాక్షరంలోని మొదటి హల్లు ‘ద్’ వెనక్కి వాలి ‘ప’ మీద బరువు వేస్తుంది కాబట్టి. అంటే చెవికి అది ‘పద్·యం’. కన్ను ఒకచోట విరిస్తే చెవి మరోచోట విరుస్తుంది. మీరు ‘బూస్తే’ అనే మాటను తెలుగులో ‘బూ, స్తే’ అని రాస్తారు, పలికేటప్పుడు ‘స్’ వెనక్కి వాలుతుంది. బూస్·తే. సరిగ్గా ఇదే కదా?

అలాగే గూగుల్ మాటలో ‘గ్లే’ విడిపోదని చదివాను. మనకూ ఇలాంటి చోటు ఒకటుంది. ‘అద్రుచు’ వంటి మాటల్లో ర ఒత్తును తేల్చి పలికినప్పుడు ముందున్న అక్షరం లఘువుగానే మిగులుతుంది. ఆ హల్లు వెనక్కి వాలదు, రేఫతో కలిసి ముందుకే పోతుంది. ర, ల వంటి జారుడు ధ్వనులకు భాష ఏదైనా ఒకే గుణమేమో!

గోదారిగట్టు · మంగళవారం, ఉదయం 10:30

మాస్టారూ, నమస్కారం. సరిగ్గా అదే. ఫ్రెంచిలో ‘స్త’ మాట మధ్యలో వస్తే విడిపోతుంది: బూస్·తే, తెస్·తే, తోస్·తే. హల్లుకి ఎల్ లేదా ఆర్ తోడైతే విడిపోదు. ఈ వాక్యాలు పట్టుకెళ్ళి రేపటి తరగతిలో చెప్పబోతున్నాను. గురువు, లఘువు చదివిన పిల్లలకు ఇంతకంటే తేలికైన దారి లేదు.

పలకాబలపం గారి మూడో ప్రశ్న మిగిలిపోయింది. ఇంటర్వ్యూ నామవాచకంగా ‘ఎఁ·తెర్·వ్యూ’, మూడు సిలబుళ్ళు. క్రియగా ‘ఎఁ·తెర్·వ్యూ·వే’, నాలుగు. వెనక అచ్చు వచ్చేసరికి ఆ డబుల్యూ ‘వ’ అయిపోతుంది. ఈ ‘వ’ జాగ్రత్త. మన వ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, ఫ్రెంచిలో రెండూ వేరు. పై పళ్ళు కింది పెదవికి తగిలించి పలికే వ ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది మరొకటి. ట్వీట్ చేయడానికి వాడే ‘త్వి·తే’లో ఉన్నది రెండోది. ‘ఎఁతెర్‌వ్యూవే’లో ఉన్నది మొదటిది, పళ్ళు తగలాలి.

ఈ మాట ఇంగ్లీషుకి వెళ్ళిందే ఫ్రెంచి నుంచి. ‘ఆఁత్రెవ్యూ’ అనే పాత ఫ్రెంచి మాట సముద్రం దాటి వెళ్ళి, అక్కడ కొత్త వేషం వేసుకుని తిరిగి పుట్టింటికి వచ్చింది. రొట్టె కాల్చడం కూడా అంతే, పాత ఫ్రెంచిలో ‘తోస్తే’ ఉండేది.

యానాం నావ · మంగళవారం, మధ్యాహ్నం 1:05

అందరూ సిలబుళ్ళ గురించి మాట్లాడుతున్నారు గాని, పలకాబలపం గారు రాసిన మాటల్లో నా చెవికి తగిలింది ‘బూస్టర్’లోని ట. ఇది చిన్న సంగతి కాదు.

మా ఊరు యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. మా తాతగారు ఫ్రెంచి బడిలో చదివినవారు. నేను కాలేజీలో ఫ్రెంచి తీసుకున్నప్పుడు ఒక సాయంత్రం ఆయన ముందు పాఠం చదివాను. ‘స్టాప్పే’ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, నా కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిని నా నోటి ముందు పెట్టారు. మళ్ళీ అనమన్నారు. తర్వాత నన్ను ‘తాత’ అనమన్నారు. ‘నాలుక ఎక్కడ తగిలింది’ అని అడిగారు. పళ్ళకి తగిలిందన్నాను. ‘అక్కడే ఉంచి, ఒక్క ప తో, స్తొ·పే అను’ అన్నారు.

ఆ రోజు అర్థమైంది. ఇంగ్లీషు మాటలను మనం ట, డ లతో నేర్చుకున్నాం. కాబట్టి ఆ మాటలు ఫ్రెంచిలో కనిపించినా ట, డ లే వచ్చేస్తాయి. కానీ ఫ్రెంచి టి, డి లు మన త, ద లు. తెస్తే, దీలే, అప్·దే·తే. పైగా పి, టి, కె లను ఇంగ్లీషువాళ్ళలా గాలి ఊది పలకరు, మన ప, త, క లలాగే పొడిగా పలుకుతారు. అరచెయ్యి పెట్టించింది అందుకే. మనం తెలుగు నోటితో పలికితేనే ఫ్రెంచి సరిగ్గా వస్తుంది, మధ్యలో ఇంగ్లీషు దారిలో వెళితేనే తప్పుతుంది.

ఒక్క ప అని ఎందుకన్నారో కూడా చెబుతాను. అప్పు, కొప్పు, చెప్పు అని ఒత్తి పలికే నోళ్ళు మనవి. రెండు ‘పి’లు కనబడగానే ఒత్తేస్తాం. ఛానెళ్ళు మార్చడాన్ని వాళ్ళు ‘ౙా·పే’ అంటారు, ‘ౙాప్పే’ అనరు.

పలకాబలపం · మంగళవారం, సాయంత్రం 6:20

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. యానాం నావ గారూ, తాతగారి అరచెయ్యి సంగతి చదివి నేనూ అలాగే పెట్టుకుని చూశాను. ‘టెస్ట్’ అన్నప్పుడు గాలి తగిలింది, ‘తెస్తే’ అన్నప్పుడు తగల్లేదు.

ఒక సందేహం. ‘నేను గూగుల్‌లో వెతుకుతాను’ అన్నప్పుడు చివర ‘గ్ల్’ మిగులుతుంది కదా, అచ్చు లేకుండా దాన్ని ఎలా పలకాలి? భవిష్యత్తు రూపాల్లో మధ్యలో వచ్చే ఇ లెటర్ పలకాలా, వద్దా?

గోదారిగట్టు · మంగళవారం, రాత్రి 8:45

మంచి ప్రశ్నలు. గూగుల్‌కి తోడుగా ఒక సొంత ఫ్రెంచి క్రియను పక్కన పెట్టుకోండి: ‘జొఁ·గ్లే’, బంతులు గాలిలోకి ఎగరేసి ఆడించడం. ‘నేను ఆడిస్తాను’ అంటే ‘జొఁగ్ల్’. చివరి ‘గ్ల్’ గొణిగినట్టు వినిపించి ఆగిపోతుంది. ‘గూగ్ల్’ కూడా అంతే. వెంటనే హల్లుతో మొదలయ్యే మాట వస్తే మాత్రం మధ్యలో ఒక చిన్న ఎ తొంగిచూస్తుంది. ‘సా’ అంటే ‘దీన్ని’ అని అర్థం, అది వెనక చేరితే ‘గూ·గ్లె·సా’ అవుతుంది. అచ్చుతో మొదలయ్యే మాట వస్తే చివరి హల్లు దానితో అతుక్కుంటుంది. ‘ఒక ఫొటోకి లైక్ పెడతాను’ అంటే లైక్, యూన్ (ఒక) రెండూ కలిసి ‘లై·క్యూన్’లా వినిపిస్తాయి. మన సంధి లాగే అనుకోండి. ఫ్రెంచిలో సిలబుల్‌కి మాట హద్దు తెలియదు.

భవిష్యత్తు సంగతి. ‘నేను లైక్ పెడతాను’ అని రేపటి గురించి చెబితే రాతలో మూడు ముక్కలు, పలుకులో ‘లైక్·రే’ రెండే. ‘ౙాప్·రే’ కూడా అంతే. కానీ ‘బూస్తే’ భవిష్యత్తు ‘బూస్·తె·రే’, మధ్యలో ఎ నిలబడుతుంది. సముద్రపు అలల మీద ఆటకి వాడే ‘సర్·ఫే’ కూడా ‘సర్·ఫె·రే’ అవుతుంది. ఆ ఎ ని తీసేస్తే మూడు హల్లులు వరసగా వచ్చిపడతాయి, నాలుకకు ఊపిరాడదు. మోరిస్ గ్రామోఁ అనే భాషావేత్త దీన్ని మూడు హల్లుల సూత్రంగా చెప్పాడు. అన్నిచోట్లా తు.చ. తప్పకుండా నిలిచే సూత్రం కాదు గాని, ఈ క్రియలకు చక్కగా సరిపోతుంది.

   

మంచుమేడ · బుధవారం, తెల్లవారుజాము 4:30

కెనడాలోని మోంట్రియల్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఈ మాటల రాత వేరుగా ఉంటుంది. ఫ్రాన్సులో ఇంగ్లీషు స్పెల్లింగుని అలాగే ఉంచి తోక తగిలిస్తారు. మా క్యుబెక్ రాష్ట్రంలో పాతకాలపు అప్పు మాటల్ని విన్నట్టుగానే రాసేశారు. ఓర్చుకుని నిలబడటాన్ని ‘తొఫే’ అంటారు, ఇంగ్లీషు ‘టఫ్’ నుంచి. రాసేటప్పుడు ఆ మెలికల స్పెల్లింగేమీ లేదు, ఓ, రెండు ఎఫ్‌లు. పారబోయడాన్ని ‘దొఁ·పే’ అంటారు, ఇంగ్లీషు ‘డంప్’ నుంచి. ఫ్యాక్టరీల్లో ఇంగ్లీషు యజమానుల దగ్గర పనిచేసినవాళ్ళు చెవితో పట్టుకున్న మాటలివి, కాగితం మీద చూసి నేర్చుకున్నవి కావు. అందుకే నాకు ఈ మాటలంటే గౌరవం. చదివితే తప్పు పలకడానికి వీలే లేదు.

కొత్త అప్పుల్ని మాత్రం ఇక్కడి భాషా కార్యాలయం అడ్డుకుంటుంది. ‘స్పోయ్·లే’కి బదులు ‘ది·వూల్·గా·షే’ అనమంటుంది. బయటపెట్టడం, పాడుచేయడం అనే రెండు క్రియలను అతికి చేసిన మాట. నాలుగు సిలబుళ్ళు, అన్నీ ఫ్రెంచివే, ఎక్కడ విరవాలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఇంటర్నెట్లో కబుర్లాడటానికి ‘క్లా·వార్·దే’. కీబోర్డుకీ కబుర్లకీ పెళ్ళి చేశారు. నాకు ఈ మాటలు చాలా ఇష్టం. ఫ్రాన్సు మిత్రులు ఎందుకు వాడరో అర్థం కాదు.

తూలూజ్ కిటికీ · బుధవారం, మధ్యాహ్నం 2:10

వాడనివాళ్ళను తప్పుపట్టలేం, మంచుమేడ గారూ. భోజనాల బల్ల దగ్గర ‘స్పోయ్’ అని మొదలుపెట్టేసరికే అందరూ చెవులు మూసుకుంటారు. ఆ హెచ్చరికకు రెండు సిలబుళ్ళు చాలు, నాలుగు పలికేలోగా కథ బయటపడిపోతుంది. పొట్టిగా ఉండటమే ఈ అప్పు మాటల బలం.

స్పెల్లింగు మీద ఫ్రాన్సులోనూ ప్రయత్నం జరిగింది. 1990 డిసెంబరు 6న అధికార గెజిట్‌లో వచ్చిన రాత సవరణల్లో ఈ జంటల గురించి ఒక సూచన ఉంది. పక్కన అదే రూపంలో క్రియ ఉంటే, నామవాచకం చివర ఇ, ఆర్‌కి బదులు ఇ, యు, ఆర్ రాయమని చెప్పారు. ఇతరుల ఇంట్లో అక్రమంగా తిష్ఠవేసేవాడు ‘స్క్వా·తర్’, తిష్ఠవేయడం ‘స్క్వా·తే’. ఎత్తుకుపోయేవాడు ‘కిద్·నా·పర్’, ఎత్తుకుపోవడం ‘కిద్·నా·పే’. ఆ ఒక్క ‘యు’ చేరితే కంటికీ తేడా తెలిసిపోతుంది. నాకు ఇది మంచి సలహా అనిపిస్తుంది. 

గోదారిగట్టు గారు, పరాయి క్రియ ఏదైనా ఈ తోక తగిలించుకోవాల్సిందే అన్నారు. ఒప్పుకోలేకపోతున్నాను. మెట్రోలో కుర్రాళ్ళ మాటల్లో ‘శురావ్’, ‘మారావ్’, ‘బిక్రావ్’ అని వినిపిస్తాయి. దొంగిలించడం, కొట్టడం, దొంగచాటుగా అమ్మడం. ‘నేను దొంగిలించాను’ అనడానికి కూడా చివర ‘ఏ’ రాదు, ‘శురావ్’ అనే ఉంటుంది. వీటికి తోక లేదు కదా?

గోదారిగట్టు · బుధవారం, సాయంత్రం 5:00

మీరన్నది నిజం. నేను గట్టిగా చెప్పిన మాటను సవరించుకుంటున్నాను. అవి రోమానీ, అంటే జిప్సీల భాష నుంచి వచ్చినవి. ఆ భాషలో ‘నేను చేస్తాను’ అనే రూపం చివర ‘అవ్’ ఉంటుంది. కుర్రాళ్ళు ఆ రూపాన్ని అలాగే తీసుకున్నారు. అందుకే మూలరూపానికీ, గతానికీ, వర్తమానానికీ ఒక్కటే మాట. కొందరు తోక తగిలించి ‘శురావే’ అని కూడా అంటారు, అప్పుడది మామూలు క్రియలా అన్ని రూపాలూ మార్చుకుంటుంది.

చాలా పాత అప్పుల్లో మరో దారీ ఉంది. పాతకాలంలో ఫ్రాన్సుకి వచ్చి ఏలిన ఫ్రాంకులనే జాతివారు తెచ్చిన జర్మానిక్ క్రియల్లో కొన్ని ‘ఏ’ వైపు పోయాయి, కాపాడటానికి ‘గార్·దే’ అలా వచ్చింది. కొన్ని ‘ఈర్’ వైపు పోయాయి. ద్వేషించడానికి ‘ఆ·ఈర్’ అంటారు. రాతలో మొదట హెచ్ ఉంది, పలకదు. కానీ ముందున్న మాటను తనలో కలవనివ్వదు. ‘నేను ద్వేషిస్తాను’ అంటే ‘జె ఎ’ అని విడివిడిగా అనాలి. కంప్యూటర్లోకి చొరబడటానికి వాడే కొత్త క్రియ ‘ఆ·కే’ కూడా ఇదే పద్ధతి: ‘జె ఆక్’. మధ్యలో పదిహేను వందల ఏళ్ళు గడిచినా ఆ పలకని హెచ్ అదే పని చేస్తోంది.

ఛందోబంధు · బుధవారం, రాత్రి 7:30

ఆ ‘శురావ్’, ‘మారావ్’ దగ్గర ఆగిపోయాను. రోమానీ మన దేశం నుంచి తరలిపోయినవారి భాష, సంస్కృతం పుట్టిన కుటుంబంలోదే. దొంగిలించడానికి అక్కడి ధాతువు ‘చోర్’, కొట్టడానికి ‘మార్’. మన ‘చోరుడు’, ‘మారణం’ అవే కదా! ఎన్ని వందల ఏళ్ళ ప్రయాణం చేసి, ఎన్ని దేశాలు దాటి, పారిస్ మెట్రోలో ఒక కుర్రాడి నోట ‘శురావ్’గా వినిపిస్తోందో. చకారం షకారంగా మారిందంతే. మా మనవరాలికి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను, ఆమె ఈ మాటను రోజూ వింటున్నదట, చోరుడికి చుట్టమని తెలియదట.

అచ్చుబల్ల · గురువారం, ఉదయం 7:40

చ, ష అనగానే ఒకటి గుర్తొచ్చింది. సి, హెచ్ లను ఫ్రెంచిలో ష అంటారు. కానీ శిక్షణ ఇవ్వడానికి ఇంగ్లీషు నుంచి తీసుకున్న ‘కో·చే’లో చ గానే పలుకుతారు. విమానమో కంప్యూటరో కూలిపోవడాన్ని ‘క్రా·షే’ అంటారు, అక్కడ ఎస్, హెచ్ లు. ఉమ్మి వేయడానికి సొంత ఫ్రెంచి క్రియ ఒకటుంది, సి, హెచ్ లతో రాస్తారు, పలికేది మాత్రం అచ్చంగా ‘క్రా·షే’. వినేవాడు సందర్భం చూసుకోవాలి. ప్రూఫు దిద్దేటప్పుడు ఈ రెండూ తారుమారైన వాక్యం ఒకసారి నా కంటపడింది, స్పెల్‌చెక్ పట్టుకోలేదు, రెండూ సరైన మాటలే కాబట్టి.

నిర్వహించడానికి వాడే ‘మా·నా·జే’ కూడా జాగ్రత్త. ‘మేము’ రూపంలో జి తర్వాత ఇ లెటర్ నిలుపుకోవాలి, లేకపోతే జ కాస్తా గ అయిపోతుంది. ఆ ఇ పలకదు, జ ని కాపలా కాస్తుంది. పలుకు మూడు సిలబుళ్ళే: మా·నా·జొఁ.

పలకాబలపం · గురువారం, రాత్రి 9:30

ఈ రోజు తరగతిలో ఆ ఐదూ మళ్ళీ చదివాను. లై·కే, స్కా·నే, బూస్·తే, ఫాక్·సే. ఈ నాలుగూ సరిగ్గా ఉన్నాయన్నారు. కాగితం మీద ఫ్యాక్స్ మాటను విరవకుండా వదిలి, పక్కన కారణం రాశాను. యంత్రం, పని తేడా అడిగితే తలుపు మీద పలక, తట్ట మీద పసుపు కాగితం చెప్పాను. ఐదోదానికి మాత్రం మళ్ళీ చదవమన్నారు. రికార్డు చేసి ఇక్కడ పెడుతున్నాను, వినగలరా?

యానాం నావ · గురువారం, రాత్రి 9:55

విన్నాను. త బాగుంది, పళ్ళ దగ్గరే ఉంది. మొదటి ‘ఎఁ’లో కొంచెం ‘న్’ వినిపిస్తోంది, నాలుక పైకి లేస్తున్నట్టుంది. నాలుకను కింద పడుకోబెట్టి ముక్కుతో పలకండి.

గోదారిగట్టు · గురువారం, రాత్రి 10:10

చివరి ‘వే’ దగ్గర పెదవులు చుట్టుకుంటున్నాయి. అద్దం ముందు నిలబడి, పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి, ముందు ‘వే’ ఒక్కటే పదిసార్లు అనండి. తర్వాత ‘వ్యూ·వే’, తర్వాత ‘తెర్·వ్యూ·వే’. చివరి నుంచి ఒక్కో సిలబుల్ ముందుకు చేర్చుకుంటూ రండి, బరువు ఎప్పుడూ చివరి ‘వే’ మీదే ఉండాలి. రేపు మళ్ళీ రికార్డు పెట్టండి, వింటాను.